గ్రౌండ్ లిఫ్ట్

హోమా బేలో సరస్సు ఒడ్డున,
ఒమేనా చేపలు ఆరబోసిన వలల పక్కనే
టార్పాలిన్ పందిరి.
రేపు మ్జే ఒబూరను మట్టిలో పెడతారు.
ఈ రాత్రంతా పాట.

మేకల కొట్టం వెనక జనరేటర్ దగ్గుతోంది.
కీబోర్డు కుర్రాడు ఒమిండో
వేదిక నుంచి నా మిక్సర్ దాకా
ముప్ఫై మీటర్ల సన్నటి తీగ ఒక్కటే లాగి
"అయిపోయిందక్కా" అన్నాడు.
మీట పైకి జరిపానో లేదో,
మ్‌మ్‌మ్‌మ్...
చెవిలో జోరీగ కాదు,
పందిరి గుంజలే మూలుగుతున్నట్టు.
పాస్టర్ ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచాడు.

సంచిలోంచి పెట్టె తీశాను.
అరచేతిలో ఇమిడే ఇనప పెట్టె, మూలన సొట్ట.
దీపం లేదు, బ్యాటరీ లేదు,
ఎవరినీ చారెడు కరెంటు అడగదు.
పాతికేళ్ల కింద దీన్ని నా చేతిలో పెట్టినవాడు
ఇప్పుడు ముందుగదిలో పడుకుని ఉన్నాడు,
ఎన్నడూ వేసుకోని కోటు వేసుకుని.

"లోపలేముంది?" అని ఆనాడు అడిగాను.
నాలుగు మరలు విప్పి చూపించాడు:
ఒకే ఇనప దిమ్మ మీద రెండు రాగి చుట్టలు.
"ఇటు ఎక్కువ చుట్లు, అటు తక్కువ.
ఒకదాన్నొకటి తాకవు.
అయినా ఇక్కడ మోగింది అక్కడ మోగుతుంది."
"ఎలా?"
"మధ్యలో ఇనుము వింటుంది."
అసలు సంగతి తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను.
ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

అన్ని రోగాలకీ ఇదే మందు కాదు, అదీ ఆయనే చెప్పాడు.
న్యాతితి పొట్టకి అంటించిన బిళ్ళ పికప్‌ని
దీనికి తగిలిస్తే పీలగా ఏడుస్తుంది.
కీబోర్డు లాంటి గట్టి గొంతుకి మాత్రం
ఇది చాలు.

పొట్టి తీగ కీబోర్డు నుంచి పెట్టెకి.
లావు తీగ పెట్టె నుంచి నా దాకా.
ఆ లావు తీగలో ఇద్దరు ప్రయాణికులు:
ఒకడు పాటని నిటారుగా మోస్తాడు,
ఇంకొకడు తలకిందులుగా.
దారి దుమ్ము ఇద్దరి మీదా ఒకేలా పడుతుంది.
ఇక్కడికొచ్చాక రెండోవాణ్ణి తిరగేసి నిలబెడితే
పాటకి పాట తోడవుతుంది,
దుమ్ముని దుమ్మే కొట్టేస్తుంది.

మోత సగం తగ్గింది.
మిగతా సగం నేలల తగాదా:
వేదిక నేల ఒకటి, నా నేల ఒకటి,
రెంటి మధ్యా గిరగిరా తిరిగే గొడవ.
వేదిక దాకా నడిచి, వంగి,
గోటితో చిన్న స్విచ్ నొక్కాను.

ఆగిపోయింది.
సరస్సు వినబడింది. ఒక మేక చీదడం వినబడింది.

ఆడవాళ్ల చాపల మీద
మిన్ ఒలాల్ తలెత్తింది.
లేవబోయి, ఇంటివైపు తిరిగి,
మళ్లీ కూర్చుంది.

"ఏమైంది?" అని దగ్గరికెళ్లాను.

"ఆ మోత" అంది.
"నలభై ఏళ్లు మా పెరటి రేకుల షెడ్డులో అదే.
అది మోగుతుంటే ఆయన పనిలో ఉన్నట్టు.
ఆగిందంటే వస్తున్నట్టు.
చేపల కూర పొయ్యి మీద పెట్టేదాన్ని."

ఇక ఏమీ అనలేదు.
కొంగు ముడి విప్పి మళ్లీ కట్టుకుంది.

నేను నలభై రెండు పెళ్లిళ్లు, లెక్కలేనన్ని చావులు,
ఒక ఎన్నికల సభ నడిపినదాన్ని.
మోత పోగొట్టడానికి డబ్బులు తీసుకుంటాను.
వెనక్కి నడిచి, వంగి,
స్విచ్ మళ్లీ కిందికి నొక్కాను.
సన్నగా, మీటలో చారెడంత,
మ్‌మ్‌మ్...

"అక్కా, మోత!" అని అరిచాడు ఒమిండో.
"తెలుసు. వాయించు."

వాయించాడు.
రెండో పాటకి జనం అలవాటుపడ్డారు.
తెల్లవారుజామున
ఆమె చాప మీద ఒరిగి నిద్రపోయింది.
స్విచ్ దాకా మళ్లీ వెళ్లాను గానీ
వేలు ఊరికే దాని మీద ఆనించి
అక్కడే గొంతుక్కూర్చున్నాను.
పెట్టె కాస్త వెచ్చగా ఉంది,
పక్కనున్న దీపం వేడికే అయ్యుంటుంది.